పేరు పెట్టకుండా పంపిన పిల్ల

మా పక్కింటి పెద్దాయన పోయారు. ఆ సంగతి నాకు రేడియో చెప్పింది. కాజిల్‌బార్‌లో లోకల్ స్టేషన్ వాళ్లు రోజూ పొద్దున వార్తలయ్యాక చావుకబుర్లు చదువుతారు. పోయినవారి పేరు, ఉండే చోటు, ఇంట్లో చివరిచూపు ఎప్పుడు, చర్చిలో ప్రార్థన ఎప్పుడు, అన్నీ. ఈ ఐరిష్ ఊరొచ్చిన కొత్తలో, పొద్దున్నే ఈ అపశకునం ఏమిట్రా భగవంతుడా అని రేడియో కట్టేసేదాన్ని. ఏళ్లు గడిచేసరికి నాకూ అలవాటైపోయి, దోసెలు వేస్తూ వింటున్నాను. ఆ రోజు ఒక పేరు చదివారు. ఎవరోలే అనుకున్నాను. తర్వాత మా రోడ్డు పేరు చదివారు. అట్లకాడ చేతిలోనే ఉండిపోయింది, పెనం మీద దోసె మాడిపోయింది.

పేరు విని గుర్తుపట్టలేదంటే తప్పు నాది కాదు. మా ఇంట్లో ఆయన్ని 'పెద్దాయన' అనే అన్నాం, మొదటినుంచీ. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మా అమ్మాయి కూడా ఆ ఒక్క మాటా తెలుగులోనే పలికేది, ఈ ప్రాంతపు మేయో యాసలో. ఒకసారి దానర్థం ఏమిటని ఆయన అడిగితే, మావారు "బిగ్ మ్యాన్" అని చెప్పారు. ఐదడుగులు దాటని మనిషి. కాసేపు ఆలోచించి "గ్రాండ్" అన్నారు, ఇక్కడి వాడుకలో బాగుందని.

శీతాకాలం మొదట్లో కిందపడి తుంటి విరిగాక ఆయన్ని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. ఇక రారని తెలుసు. తొంభైకి దగ్గరపడిన మనిషి, అందరూ పోయే వయసే కదా అని నన్ను ఓదార్చడానికి ఫోన్ చేసినవాళ్లందరూ అన్నారు. అంటే అన్నారు. నాకు మాత్రం ఆ పక్కింటి కిటికీ వైపు చూడబుద్ధి కావడం లేదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు చేతుల గురించి చెప్పాలి. అవి ఎప్పుడూ కోటు జేబుల్లోనే ఉండేవి. ఎదురుపడితే తల ఊపడమే, షేక్‌హ్యాండ్ లేదు. రోడ్డు దాటేటప్పుడు పక్కన పిల్లలున్నా చెయ్యి పట్టుకునేవారు కాదు. పిల్లలే వచ్చి పట్టుకుంటే విదిలించుకోరు, కానీ మనిషి బిగుసుకుపోయేవారు. మా రోడ్డులో ప్రతి ఇంట్లో కుక్కో పిల్లో ఉంటుంది, ఈయనింట్లో కోడి కూడా లేదు. అలాగని జంతువులంటే భయమూ లేదు. ఎవరి కుక్కైనా దగ్గరికొస్తే జేబులోంచి చెయ్యి తీసి, అరచేయి తెరిచి చూపించేవారు. అది వాసన చూసి వెళ్లిపోయేది. చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లేది. "ఒక బిస్కెట్ ముక్క పడేస్తే ఆస్తి కరిగిపోతుందా ఈయనకి" అని మావారి దగ్గర సణిగాను.

ఇంకొకటి కూడా చూశాను. టీవీలో రాకెట్ లేవబోతోందంటే ఆయన కట్టేసేవారు. వేసవి సాయంత్రాల్లో అంతరిక్ష కేంద్రం మా ఊరి మీదుగా పోతుందని వీధి పిల్లలందరూ గుంపుగా నిలబడి ఆకాశంలోకి చూస్తుంటే, ఈయన లోపలికెళ్లి కర్టెన్ లాగేసుకునేవారు. చాదస్తం మనిషి అనుకున్నాను. అంతకంటే ఆలోచించే తీరిక ఆ రోజుల్లో నాకు లేదు.

తొమ్మిదేళ్ల కిందట మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టేసింది. పట్టుమని రెండు గుప్పెళ్లు లేదు. గాజుపెట్టెలో పెట్టారు. ముక్కులో గొట్టాలు, కాలికి ఒక పట్టీ, పట్టీ మీద 'ఫలానావిడ బిడ్డ' అని నా పేరు, కింద ఒక నంబరు. మావారు ఆసుపత్రిలోనే డాక్టరు. ఆయనకి తెలియాల్సినదంతా తెలుసు గనక, ఆయన మొహంలోకి చూడాలంటేనే నాకు భయం వేసేది. నర్సులు రోజూ అడిగేవారు, పాపకి పేరు పెట్టారా అని. మాలో ఇరవై ఒకటో రోజు బారసాల చేసి అప్పుడే పెడతాం అని రోజూ అదే జవాబు చెప్పేదాన్ని.

తెనాలి నుంచి మా అత్తగారిదీ అదే మాట. "పురుడు తీరకుండా పేరేంటమ్మా? ముందు గండం గడవనీ. పేరు పెట్టి పిలుచుకున్నాక ఏదైనా అయితే తట్టుకోలేవు" అన్నారు ఫోన్లో. ఆవిడ మీద కోపం రాలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఆచారం నాకు ఆసరాగానే ఉంది. పేరు ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను. గాజుపెట్టె ముందు కూర్చుంటే అది పెదాల దాకా వచ్చేది. మింగేసేదాన్ని.

ఒక సాయంత్రం బట్టలు మార్చుకుందామని ఇంటికొచ్చాను. పెద్దాయన మా చెత్తబుట్టని కూడా గేటు లోపలికి లాగి పెడుతున్నారు. మేము ఇంట్లో ఉండటం లేదని ఆయనే చూసుకుంటున్నారు ఆ పని.

"పాప ఎలా ఉంది, మిస్సెస్?" అన్నారు. ఆయన ఇంగ్లీషు మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది, ఇక్కడ తెలుగులో రాసేస్తున్నాను.

"ఉంది" అన్నాను.

"ఏం పేరు పెట్టారు?"

చెప్పాను. ఇరవై ఒకటో రోజు, బారసాల, మా ఆచారం, అంతా. మామూలుగా ఇక్కడివాళ్లు అది విని "ఓ, లవ్లీ" అంటారు. ఈయన అనలేదు.

"అప్పటిదాకా ఉండకపోతే?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. వారం రోజులుగా ఎవరూ నోరెత్తి అనని మాట అది. "మీ నోట్లో మట్టి పడ" అని తెలుగులోనే తిట్టి, ఆయన మొహమ్మీదే తలుపేశాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి బయల్దేరుతుంటే బెల్లు మోగింది. ఆయనే. ఇక్కడివాళ్లు క్షమాపణకి వస్తే ఏదో ఒక కేకో, రొట్టో పట్టుకొస్తారు. ఈయన ఏమీ తేలేదు. జేబుల్లోంచి రెండు చేతులూ తీసి, అరచేతులు తెరిచి నాకు చూపించారు, కుక్కలకి చూపించినట్టే.

"కాసేపు కూర్చోనివ్వు. చెప్పాల్సింది చెప్పి పోతాను. తర్వాత మళ్లీ తలుపేసుకో" అన్నారు.

టీ పెట్టాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెప్పారు.

"పంతొమ్మిదేళ్ల వయసులో అమెరికాలో మా మామయ్య దగ్గరికి వెళ్లాను. పశువుల పని తప్ప ఏమీ రాదు నాకు. ఎడారిలో ఒక సైనిక స్థావరంలో జంతువుల్ని చూసుకునే ఉద్యోగం దొరికింది. మనిషిని అంతరిక్షంలోకి పంపాలని తొందరపడుతున్న రోజులవి. పంపితే బతుకుతాడో లేదో తెలియదు. అందుకని ముందు చింపాంజీల్ని పంపాలి. అన్నీ పసివే, మిస్సెస్. అడవిలో తల్లిని తుపాకీతో కాల్చేసి, దాని ఒంటికి కరుచుకుని ఉన్న పిల్లని పీక్కొచ్చేవారు. అలాంటి ఒక ఆడపిల్లని నాకు అప్పగించారు."

"మొదటి రోజే మా పై అధికారి చెప్పాడు, పేర్లు పెట్టకండి అని. పేరుంటే పేపర్లో పడుతుంది. పేరున్నది చస్తే దేశమంతా ఏడుస్తుంది, నంబరు చస్తే ఎవరూ ఏడవరు. తిరిగొస్తే అప్పుడు పెట్టుకుందాం, పేరుకేం తొందర, అన్నాడు."

నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. తిరిగొస్తే అప్పుడు. గండం గడిస్తే అప్పుడు. మా అత్తగారు తెనాలిలో అన్నదీ, ఎడారిలో ఆ అధికారి అన్నదీ ఒకే మాట.

"కుర్చీకి కట్టేసేవాళ్లం" అన్నారు ఆయన. "ఎదురుగా దీపాలు, చేతికింద మీటలు. దీపం వెలగగానే సరైన మీట నొక్కితే అరటిపండు రుచి ఉండే బిళ్ల వచ్చేది. తప్పు నొక్కితే అరికాళ్లకి కరెంటు షాక్. ఆ స్విచ్ నా దగ్గర ఉండేది కాదు, అవతల గదిలో ఎవరి దగ్గరో ఉండేది. షాక్ తగిలినప్పుడల్లా తను నా చేతుల వైపు చూసేది. నేను అరచేతులు తెరిచి చూపించేవాడిని, నేను కాదు అని. నమ్మేది. మర్నాడు పొద్దున మళ్లీ నేను చెయ్యి చాపితే వచ్చి పట్టుకునేది. ఆ కుర్చీ దాకా రోజూ నడిపించుకెళ్లింది నేనే."

"పైకి పంపారా?" అని అడిగాను.

"లేదు. వేరేదాన్ని పంపారు. అది సముద్రంలో పడి బతికొచ్చింది. ఓడ ఎక్కించి యాపిల్ పండిచ్చారు, ఫొటోలు తీశారు, అప్పుడు జనానికి దాని పేరు చెప్పారు. మా పిల్ల కుర్చీలోనే ఉండిపోయింది, అవసరమైతే పంపుదామని. తర్వాత మనుషులు వెళ్లి రావడం మొదలైంది, వీటితో పని తీరిపోయింది. ఒక మందుల ల్యాబుకి ఇచ్చేశారు. లారీ వచ్చిన రోజు నేనే చెయ్యి చాపాను. వచ్చి పట్టుకుంది. తనంతట తనే ఎక్కింది లారీ."

టీ చల్లారిపోయింది. ఇంకేం చెప్పకపోతే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

"కొన్నేళ్లకి చూడ్డానికి వెళ్లాను. ఇనపబోను. నిలబడితే తల తగిలేంత ఉంది. ఏదో జబ్బు ఎక్కించారు, ముట్టుకోవద్దని ముందే చెప్పారు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి అరచేయి తెరిచింది. నేను చూపించేవాడిని కదా, అలాగే. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను."

"పోనీ పిలుద్దామనుకున్నాను. నోరు తెరిచాను. ఏమని పిలవను? నంబరు తప్ప ఏమీ లేదు. పిలవకుండానే వచ్చేశాను. ఆ తర్వాత అక్కడ ఉండలేక ఈ ఊరికి తిరిగొచ్చేశాను."

ఆ నంబరు ఏమిటో ఆయన చెప్పారు. నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.

నాకేమో ఏడవాలో పోట్లాడాలో తెలియలేదు. పోట్లాటకే దిగాను. నా స్వభావం అంత. "అవతల రష్యన్లు కుక్కని పంపారుగా. దానికి పేరుంది, ప్రపంచమంతా తెలుసు. పేరున్నా చచ్చిపోయిందిగా?" అన్నాను.

"చచ్చిపోయింది" అన్నారు. "తిరిగిరాదని తెలిసే పంపారు. లోపల వేడికి తాళలేక పోయింది. పేరు దాన్ని కాపాడలేదు. మీ పాపని కూడా కాపాడదు. కానీ ఆ కుక్క కోసం ఏడ్చేవాళ్లకి ఏమని ఏడవాలో తెలుసు. అంతే తేడా, మిస్సెస్."

లేచి, కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయారు.

ఆ రోజు గాజుపెట్టెకున్న గుండ్రటి తలుపు తీయించి, నర్సుని అడిగి చెవి దగ్గరదాకా వంగాను. మాలో బారసాల రోజున తండ్రి పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. తండ్రి పై అంతస్తులో డ్యూటీలో ఉన్నారు. ఆగలేదు నేను. మూడుసార్లూ నేనే చెప్పాను. గొట్టాల చప్పుడులో పిల్లకి వినపడిందో లేదో తెలియదు. ఏమీ జరగలేదు, కళ్లు కూడా తెరవలేదు. బయటికొచ్చి అత్తగారికి ఫోన్ చేసి చెప్పేశాను, పేరు పెట్టేశానని. తిడతారనుకున్నాను. "ఏం పేరు పెట్టావే?" అన్నారు. చెప్పాను. ఆవిడ ఆ పేరు ఒకసారి పలికారు. ఇంకో గొంతులో ఆ పేరు వినేసరికి, పురుడొచ్చాక మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. ఆసుపత్రి కారు పార్కింగులో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

పాప బతికింది. పేరు పెట్టినందుకు బతికిందని నేను అనను. నర్సుల వల్ల బతికింది, ఊపిరితిత్తులకి ఇచ్చిన మందు వల్ల బతికింది. ఇంటికి తెచ్చాక ఆ మందు సంగతి గొప్పగా చెప్పాను పెద్దాయనకి. విని తల ఊపారు. "అదీ ముందు ఎవరి మీదో పరీక్షించే ఉంటారు" అన్నారు. నా మొహం చూసి, "వద్దనడం లేదు. నా కూతురైతే నేనూ ఇప్పించేవాడినే. తెలుసుకుని ఉండు, చాలు" అన్నారు. తెలుసుకుని ఉండు అన్నది ఆయన తరచూ అనే మాట. కోడిగుడ్ల గురించీ అదే, చవకగా దొరికే చొక్కాల గురించీ అదే. కొన్నిసార్లు విసుగొచ్చేది, తిననివ్వరు కదా అని.

తర్వాత బారసాల కూడా చేశాం. అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి, బియ్యంలో పేరు రాయించి, ఇల్లంతా హడావుడి చేశారు. పెద్దాయన జేబుల్లో చేతులతో తలుపు పక్కనే నిలబడ్డారు. పాపని ఒళ్లో పెట్టబోతే వెనక్కి జరిగారు. "ఈయనకేం మాయరోగం, పిల్లనెత్తుకుంటే అరిగిపోతాడా" అన్నారు అత్తగారు. ఆయనకి తెలుగు రాదు గనక సరిపోయింది. రాత్రికి ఆవిడకి కథంతా చెప్పాను. మర్నాడు డబ్బా నిండా కజ్జికాయలు చేసి తనే వెళ్లి ఇచ్చొచ్చారు.

మా అమ్మాయికి పెద్దాయన ఈ కథ ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు. దానికి ఆరేళ్లప్పుడు ఒకరోజు ఆయన వంటింట్లో కూర్చుని యాపిల్ కోయించుకుంటూ, "ఆమెకి మనం పేరు పెట్టొచ్చుగా?" అంటోంది. ఆయన కోసిన మొదటి ముక్క ఎప్పుడూ ఎదుటివాళ్లకే ఇచ్చేవారు. ముక్క దాని చేతిలో పెట్టి, తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు పెడితే అది నా మనసు కుదుటపడటానికి పెట్టినట్టు. ఆమెకి దాంతో పని లేదు" అన్నారు.

అది ఊరుకునే పిల్లా? నా కూతురు. ప్రతి శనివారం ఒక కొత్త పేరు పట్టుకెళ్లేది. క్లాసులో పిల్లల పేర్లు, పువ్వుల పేర్లు, చివరికి నా పేరు కూడా. ఆయన ప్రతిదీ శ్రద్ధగా వినేవారు, ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగేవారు, తల అడ్డంగా ఊపేవారు. మూడేళ్లు సాగింది ఈ బేరం. నర్సింగ్ హోమ్‌కి వెళ్లాక కూడా మానలేదు. మంచం మీద మాట పడిపోతున్నా తల మాత్రం అడ్డంగానే ఊగేది.

చివరిసారి నేను ఒక్కదాన్నే వెళ్లాను. మణికట్టుకి ఆసుపత్రి పట్టీ ఉంది. అప్పుడప్పుడు తెలుగు పత్రికలకి ఏవో రాస్తుంటానని ఆయనకి తెలుసు. "ఇదంతా రాస్తావా?" అన్నారు. మీకిష్టమైతేనే అన్నాను. "రాయి. నా పేరు మాత్రం వద్దు" అన్నారు. ఎందుకని అడిగితే, "ఆమెకి లేకుండా పోయింది. నాకెందుకు?" అన్నారు. నేను ఒప్పుకున్నాను. అందుకే ఇందులో ఎక్కడా ఆయన పేరు లేదు. రేడియోలో చదివారు, సమాధి రాయి మీద చెక్కుతారు. ఇక్కడ మాత్రం నా మాట నిలబెట్టుకుంటున్నాను.

ఇక్కడ చనిపోయినవారిని ఇంటికి తెచ్చి, ముందుగదిలో పెట్టె తెరిచి ఉంచుతారు. ఊరంతా వరసలో వచ్చి, ఇంటివాళ్ల చెయ్యి పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని, పోయినవారిని ఒకసారి తాకి వెళ్తారు. దాన్ని వేక్ అంటారు. "పసిపిల్లని శవం దగ్గరికి తీసుకెళ్తావా, నీకేమైనా మతి పోయిందా?" అన్నారు అత్తగారు ఫోన్లో. నాకూ మనస్కరించలేదు. అమ్మాయి వినలేదు. "ఇట్స్ గ్రాండ్, మామ్. మా క్లాసులో అందరూ వెళ్తారు వేక్‌లకి. నేను ఆయనకి ఒకటి చెప్పాలి" అంది.

వెళ్లాం. వంటింట్లో టీ, శాండ్‌విచ్‌లు, ఆయన పాత కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఆయనకున్న ఒక్క బంధువు, అన్నగారి కొడుకు, తలుపు దగ్గర నిలబడి అందరికీ చేతులిస్తున్నాడు. పెట్టెలో పెద్దాయన ఇంకా చిన్నగా కనిపించారు. రెండు చేతులూ గుండె మీద పెట్టి జపమాల చుట్టారు. అంతసేపు ఆ చేతులు బయట ఉండటం నేనెప్పుడూ చూడలేదు. చూడలేకపోయాను, మొహం తిప్పుకున్నాను.

తిప్పుకున్నదాన్ని మళ్లీ చూసేసరికి అమ్మాయి పెట్టె అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, ఆయన చెవి దగ్గరకి వంగి ఉంది. అరచేయి అడ్డం పెట్టుకుంది, ఇంకెవరికీ వినపడకుండా. పెదాలు కదిలాయి. ఆగింది. మళ్లీ కదిలాయి. ఆగింది. మూడోసారీ కదిలాయి. చెవిలో మూడుసార్లు చెప్పాలన్నది దానికి నేనే చెప్పిన సంగతి, దాని సొంత కథ చెబుతూ.

"ఏం పేరు పెట్టావే?" అని అడగబోయాను. మానుకున్నాను. ఆయన ఉండి ఉంటే తల అడ్డంగా ఊపేవారు. ఇప్పుడు ఊపలేరు.

తర్వాత అది తన చెయ్యి తీసి ఆయన చేతుల మీద పెట్టింది. వెనక వరస గుమ్మం దాటి వానలోకి సాగి ఉంది, ఎవరో మెల్లగా దగ్గారు. నేను భుజం తట్టాను. అది చెయ్యి తియ్యలేదు.